పల్లవి ఒకటి, చరణం ఇంకొకటి: అమెరికా ప్రజాజీవితంలో పాత పాటల సరదా

1982 మార్చి 27 రాత్రి వాషింగ్టన్‌లో గ్రిడైరన్ క్లబ్ వార్షిక విందు జరుగుతోంది. 1885లో పుట్టిన ఆ క్లబ్బు పాత్రికేయులది. ఏటా అధ్యక్షుణ్ణి, మంత్రులను, సెనేటర్లను భోజనానికి పిలిచి, అందరికీ తెలిసిన పాటల బాణీల్లో కొత్త మాటలు పెట్టి, వాళ్ళను వాళ్ళ ఎదుటే ఆటపట్టించడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడాది అధ్యక్షుడు రేగన్ భార్య నాన్సీ వంతు వచ్చింది. దేశంలో నిరుద్యోగం పెరుగుతుంటే ఆమె పేరున్న డిజైనర్ల దగ్గర ఖరీదైన దుస్తులు తీసుకున్నారని, వైట్‌హౌస్‌కు సుమారు 2 లక్షల 9 వేల డాలర్ల పింగాణీ సామాను తెప్పించారని పత్రికలు అప్పటికి నెలల తరబడి దుమ్మెత్తి పోస్తున్నాయి. సామాను డబ్బు విరాళంగా వచ్చిందే కానీ ఆ మాట ఎవరికీ ఎక్కలేదు.

వేదిక మీద ఒక గాయని 'సెకండ్ హ్యాండ్ రోజ్' బాణీలో నాన్సీ దుస్తుల మీద పాట అందుకుంది. 1921 నాటి పాట అది. కట్టుకునే బట్ట నుంచి ఇంట్లో పియానో దాకా తన బతుకులో ఉన్నవన్నీ ఎవరో వాడి వదిలేసినవేనని వాపోయే పేదింటి పిల్ల పాట. పాట అయ్యేసరికి నాన్సీ కుర్చీ ఖాళీగా ఉంది. కోపం వచ్చి లేచి వెళ్ళిపోయారని చాలామంది అనుకున్నారు. కాసేపటికి ఆమె వేదిక మీద ప్రత్యక్షమయ్యారు. కాళ్ళకు రబ్బరు బూట్లు, పిన్నీసులతో బిగించిన లంగా, మెడలో ఈకల హారం. అదే బాణీలో తన మీద తానే పాట పాడుకుని, చివర్లో ఒక పింగాణీ పళ్ళెం తీసి నేలకేసి కొట్టారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మళ్ళీ పాడమన్నారు, మళ్ళీ పాడారు. ఆమె గురించి వాషింగ్టన్ పత్రికల ధోరణి మెత్తబడింది ఆ రాత్రి తర్వాతే.

ఒక పాత పాట అంత పని ఎలా చేసింది? పాటను ప్రజాజీవితానికి జత చేయడమనే ఈ అలవాటు అమెరికాలో ఎప్పటినుంచో ఉంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ 'ఫలానా గాయకుడు తన పాట వాడొద్దన్నాడు' అనే వార్త ఒకటైనా వస్తుంది. వద్దన్నా ఎలా వాడుతున్నారు, మాటలు మార్చి పాడితే తప్పా, పాటకు అసలు అర్థం ఒకటైతే వాడేది ఇంకోదానికా అని చదివేవాళ్ళకు అయోమయం. ఈ చిక్కుముడిని ఒక్కో పోగుగా విప్పి చూద్దాం.

జత చేయడం అంటే మూడు వేర్వేరు పనులు

మొదటిది, పాటను ఉన్నది ఉన్నట్టుగా మోగించడం. నాయకుడు వేదిక ఎక్కేటప్పుడు స్పీకర్లలో వచ్చే పాట ఇదే. రెండోది, బాణీ ఉంచి మాటలు మార్చడం. మనం పేరడీ అని పిలిచేది దీన్నే. మూడోదాంట్లో పాటను మార్చరు, తమది అని చెప్పుకోరు కూడా. సరైన సమయంలో సరైన పాట వేస్తారు, మిగతాది వినేవాళ్ళు అల్లుకుంటారు.

మూడింటికీ కావలసిన ముడిసరుకు ఒకటే, వినేవాడి జ్ఞాపకం. 'సెకండ్ హ్యాండ్ రోజ్'లో పేదపిల్ల గుర్తుంటేనే నాన్సీ వేషం నవ్వు తెప్పిస్తుంది. అసలు పాట తెలియనివాడికి అది రబ్బరు బూట్ల వేషం మాత్రమే. ఇలాంటి జతలకు కొత్త పాటలకన్నా పాత పాటలు ఎక్కువ పనికొచ్చేది అందుకే. తాత, తండ్రి, మనవడు ముగ్గురికీ తెలిసిన బాణీ కావాలి.

పల్లవి జనానిది, చరణం కవిది

మొదటి రకంలో వచ్చే పెద్ద చిక్కు అర్థం దగ్గర. జనానికి నోట నిలిచేది పల్లవి. కవి తాను చెప్పాలనుకున్నది చాలాసార్లు చరణంలో పెడతాడు. రెండూ ఒకే మాట చెబితే గొడవ లేదు.

1932లో షికాగోలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ జరిగింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు మొదట వాయించింది 'యాంకర్స్ అవే' అనే నౌకాదళ గీతం. అది సభలో నిద్ర తెప్పిస్తోందని గ్రహించిన ఆయన మనుషులు 'హ్యాపీ డేస్ ఆర్ హియర్ ఎగైన్' వాయించమన్నారు. మంచిరోజులు మళ్ళీ వచ్చాయి అని పల్లవి. 1929లో, సరిగ్గా స్టాక్ మార్కెట్ కూలిన ఏడాది రాసిన పాట. మాంద్యంలో ఉద్యోగాలు పోగొట్టుకుని కూర్చున్న జనానికి మంచిరోజులు వచ్చాయని చెప్పడం ఎగతాళిలా వినిపించాలి. కానీ రాబోయే మనిషి మీద పెట్టుకున్న ఆశలా వినిపించింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అది డెమొక్రాట్ల సొంత పాటైపోయింది. ఇక్కడ జత కుదిరింది, ఎందుకంటే లోపల దాగిన వేరే అర్థం ఏదీ లేదు.

ఇప్పుడు 1984కు వద్దాం. ఆ జూన్‌లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ 'బోర్న్ ఇన్ ది యూఎస్ఏ' వచ్చింది. పల్లవి నేను అమెరికాలో పుట్టాను అని గొంతెత్తి అరిచే అరుపు. డ్రమ్ములు, పిడికిలి, కవరు మీద జెండా చారలు. పల్లవి ఒక్కటే విన్నవాడికి అంతకన్నా దేశభక్తి గీతం ఉండదు. చరణాలు వింటే కథ వేరు. ఒక చిన్న ఊరి కుర్రాణ్ణి వియత్నాం పంపుతారు. తిరిగొస్తే రిఫైనరీలో పని దొరకదు. అన్న ఖేసాన్ పోరులో పోయాడు. పదేళ్ళ తర్వాత కూడా అతనికి వెళ్ళడానికి చోటు లేదు. అదే పల్లవి అప్పుడు గర్వం కాదు, నిలదీత. ఇక్కడ పుట్టినవాణ్ణే కదా, నా సంగతేమిటి అని.

ఆ సెప్టెంబరు 19న అధ్యక్షుడు రేగన్ న్యూజెర్సీలోని హామంటన్ అనే ఊళ్ళో ఎన్నికల సభలో మాట్లాడుతూ, ఆ రాష్ట్రం బిడ్డ స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశ అనే సందేశం ఉందని మెచ్చుకున్నారు. కొద్దిరోజులకే పిట్స్‌బర్గ్ కచేరీలో స్ప్రింగ్‌స్టీన్ ఆ మాట ఎత్తి, అధ్యక్షుడికి నచ్చిన నా ఆల్బమ్ ఏదై ఉంటుందా అని ఆలోచిస్తున్నాను అన్నారు. ఆ వెంటనే ఫ్యాక్టరీ మూతపడి పని పోయి, తుపాకీ పట్టిన మనిషి కథ చెప్పే పాట అందుకున్నారు.

ఈ ఉదంతం గురించి చాలాచోట్ల రేగన్ ఆ పాటను సభలో వాయించారని రాస్తుంటారు. ఆ సభలో ఆయన చేసింది గాయకుడి పేరు చెప్పి మెచ్చుకోవడం మాత్రమే. ఇది చిన్న తేడా అనిపించవచ్చు కానీ నాకు ముఖ్యమైనదే అనిపిస్తుంది. పాట మోగకుండానే, వట్టి పేరు తలుచుకున్నందుకే జనం మనసులో జత పడిపోయింది. నలభై ఏళ్ళు గడిచినా విడిపోలేదు.

అన్నిసార్లూ ఇలా బెడిసికొట్టదు. 2024 జులైలో మిల్వాకీలో ఉపాధ్యక్ష అభ్యర్థిగా జేడీ వ్యాన్స్ వేదిక ఎక్కారు. ఆయన భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు కావడంతో మన వాళ్ళు చాలామంది ఆ ప్రసంగం చూశారు. ఆయన నడిచి వస్తుంటే మోగింది మెర్ల్ హ్యాగర్డ్ పాట 'అమెరికా ఫస్ట్'. పేరు వింటే నినాదం కోసం ఏరుకున్న పాటలా ఉంటుంది. నిజానికి 2005లో వచ్చిన ఆ పాట చెప్పేది ఇరాక్ నుంచి బయటికొచ్చి సొంత దేశాన్ని బాగుచేసుకుందాం అని. విదేశీ యుద్ధాలు వద్దనే వ్యాన్స్ వాదనకు అది లోపలి నుంచి కూడా సరిపోయింది. ఆయన రాజకీయాలు నచ్చినా నచ్చకపోయినా, ఆ పాట ఎంచినవాళ్ళు చరణం కూడా విన్నారని ఒప్పుకోవాలి.

బాణీ అదే, మాట వేరు

రెండో రకం అమెరికా దేశం కన్నా పాతది. 'యాంకీ డూడుల్' పాటను బ్రిటిష్ సైనికులు వలసల్లోని నాటు మనుషులను వెక్కిరించడానికి పాడేవారు. స్వాతంత్ర్య యుద్ధం వచ్చేసరికి ఆ వెక్కిరింతనే అవతలివాళ్ళు తమ జెండా పాట చేసుకున్నారు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పనిని అసలు రచయితలే చేసి పెట్టారు. 1959లో ఫ్రాంక్ సినాట్రా పాడిన 'హై హోప్స్' సినిమా పాట. తనకు మించిన పెద్ద మొక్కను కదిలించాలని చూసే చీమ కథ. మరుసటి ఏడాది కెనెడీ ప్రచారానికి దాన్ని రాసిన సామీ కానే మాటలు మార్చి ఇచ్చారు, సినాట్రాయే పాడారు.

1964 కథ ఇంకా బాగుంటుంది. ఆ జనవరిలో న్యూయార్క్ రంగస్థలం మీద 'హలో, డాలీ!' మొదలైంది. మేలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతులో అదే పాట బీటిల్స్‌ను దించి మొదటి స్థానానికి ఎక్కింది. రిపబ్లికన్ అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ అభిమానులు దాన్ని 'హలో, బ్యారీ!' చేసుకున్నారు. నాటక నిర్మాత డేవిడ్ మెరిక్ అడ్డుపడ్డారు. ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో డెమొక్రాట్ల మహాసభలో, నాటకంలో డాలీగా నటిస్తున్న క్యారల్ చానింగే 'హలో, లిండన్!' అని అధ్యక్షుడు జాన్సన్‌ను పలకరించారు. బాణీ ఒకటే, ఊరూరా మోగుతున్నదే. ఒక పార్టీకి కుదరదన్నారు, ఇంకో పార్టీకి అసలు నటినే పంపారు. పాట ఎవరి చేతిలో ఉందన్నది పాట అర్థం కన్నా ముఖ్యమైన ప్రశ్న అని తెలిసొచ్చేది ఇక్కడే.

ఏమీ మార్చకుండా ఎత్తిపొడవడం

మూడో రకానికి పనామా ఉదంతాన్ని మించింది నాకు తెలీదు. 1989 డిసెంబరులో అమెరికా సైన్యం పనామా మీద దాడి చేసినప్పుడు అక్కడి నియంత నోరియెగా 24న వాటికన్ రాయబార కార్యాలయంలో దూరారు. సైనికులు దాని చుట్టూ లౌడ్‌స్పీకర్లు పెట్టి రాక్ సంగీతం మోగించారు. ఏ పాటలో చూడండి. పారిపోవడానికి చోటే లేదు అని పాడే 'నోవేర్ టు రన్'. చట్టంతో తలపడ్డాను, చట్టమే గెలిచింది అని చెప్పే 'ఐ ఫాట్ ది లా'. దేశం పేరే పేరైన 'పనామా'. వదిలించుకోలేని ప్రేమ మీద రాసిన 'నోవేర్ టు రన్', ముట్టడిలో చిక్కుకున్న నియంతకు కబురైపోయింది. వాటికన్ అభ్యంతరం చెప్పాక ఆ మోత ఆపేశారు. నోరియెగా జనవరి 3న లొంగిపోయారు.

మాట లేకుండా వట్టి వాద్యంతోనే ఎత్తిపొడిచిన సందర్భమూ ఉంది. 2011 నవంబరులో అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న మిషెల్ బాక్‌మన్ రాత్రి వేళ టీవీ షోకు వస్తుంటే, అక్కడి బ్యాండు ఒక ఆడమనిషిని అబద్ధాలకోరని బూతుతో తిట్టే పాట వరసను వాయించింది. ఆమెకు తెలియలేదు. చూసేవాళ్ళలో పాట తెలిసినవాళ్ళు పట్టుకున్నారు. వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్, టీవీ సంస్థ ఇద్దరూ క్షమాపణ చెప్పారు. నాన్సీ మీద నవ్విన నవ్వులో నాన్సీకీ వాటా ఉంది. ఇక్కడ నవ్వు బాక్‌మన్ వీపు వెనక జరిగింది. దాన్ని సరసం అనలేం.

ఎవరిని అడగాలి, ఎవరికి డబ్బు

ఇక చట్టం. ఒక పాటకు అమెరికాలో రెండు వేర్వేరు హక్కులుంటాయి. మాటలు, బాణీ మీద హక్కు ఒకటి. అది రచయితలది, వాళ్ళ పబ్లిషర్లది. ఫలానా గొంతు పాడిన రికార్డు మీద హక్కు ఇంకొకటి. అది సాధారణంగా మ్యూజిక్ కంపెనీది.

1992లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డ రాస్ పెరోను ఉదాహరణగా తీసుకుందాం. ఆయనకు పిచ్చి అని ప్రత్యర్థులు అంటుంటే, ఆయన ప్యాట్సీ క్లైన్ పాడిన 'క్రేజీ'ని తన ప్రచార గీతం చేసుకున్నారు. అది 1961 నాటి పాట. ఎన్నికల రాత్రి ఓడిపోయాక భార్యతో కలిసి దానికే స్టెప్పులేశారు. 18.9 శాతం ఓట్లు తెచ్చుకున్న మనిషి, తన మీద విసిరిన రాయిని పువ్వులా జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ రికార్డును ఒక హాల్లో మోగిస్తే ఎవరి అనుమతి కావాలి? 'క్రేజీ' రాసింది విల్లీ నెల్సన్. ప్యాట్సీ క్లైన్ గాయని మాత్రమే. అమెరికా చట్టంలో హాల్లో రికార్డు మోగించడానికి రచయిత వైపు హక్కు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. రికార్డు హక్కుదారు మాట అక్కడ చెల్లదు. అంటే ఆ పాటకు ప్రాణం పోసిన గొంతుకు, ఆ గొంతు వారసులకు, అడ్డుచెప్పే హక్కు లేదు. 'నా పాట వాడొద్దు' అని వార్తల్లోకెక్కే గాయకుల్లో కొందరు ఏమీ చేయలేకపోవడానికి ఇదే కారణం. పాడారు కానీ రాయలేదు. మన దేశంలో అలా కాదు, రికార్డు మోగించడానికి మ్యూజిక్ కంపెనీ వైపు అనుమతి కూడా కావాలి.

మరి రచయితను ప్రతి పాటకూ వెళ్ళి అడుగుతారా? లేదు. రచయితల తరఫున వసూళ్ళు చేసే సంస్థలున్నాయి. 1914లో పుట్టిన ఆస్కాప్, 1939లో పుట్టిన బీఎంఐ పెద్దవి. ఏడాదికింత కడితే వాళ్ళ జాబితాలోని లక్షల పాటల్లో ఏదైనా వాయించుకోవచ్చు. ఎన్నికల ప్రచారాలకు వేరే రకం లైసెన్స్ ఉంది. అందులో ఒక మెలిక, రచయిత అభ్యంతరం చెబితే ఆ పాటను జాబితా నుంచి తీసేయవచ్చు. 'వైఎంసీఏ' పాట రచయితల్లో ఒకరైన విక్టర్ విల్లిస్ 2020లో ట్రంప్‌ను ఆ పాట వాడొద్దన్నారు. తర్వాత మనసు మార్చుకుని ఉండనిచ్చారు. 2025 జనవరిలో ట్రంప్ ప్రమాణ స్వీకారం ముందురోజు సభలో విల్లిస్ బృందమే వచ్చి పాడింది.

ఇదంతా హాలు వరకే. పాటను వీడియోకు అతికిస్తే లెక్క మారిపోతుంది. రచయిత, రికార్డు కంపెనీ ఇద్దరి అనుమతీ విడివిడిగా, ముందే తీసుకోవాలి.

పేరడీకీ అధిక్షేపానికీ మధ్య గీత

మాటలు మార్చి నవ్వించడం హక్కా, దొంగతనమా? 1964లో రాయ్ ఆర్బిసన్ పాడిన 'ఓ, ప్రెటీ వుమన్'ను టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం మొరటు మాటలతో మార్చింది. అనుమతి అడిగితే ఇవ్వలేదు, అయినా విడుదల చేసింది. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పిందేమిటంటే, డబ్బు కోసం చేసినా పేరడీ 'న్యాయమైన వాడకం', అంటే అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకం, కావచ్చు. అయితే కోర్టు ఒక గీత గీసింది. పేరడీ అంటే అసలు పాటనే ఎగతాళి చేసేది. దానికి ఆ పాట లేకపోతే పని జరగదు. అధిక్షేపం అంటే పాటను వాహనంగా వాడుకుని ఇంకెవరినో ఎత్తిపొడిచేది. వేరే పాటతోనూ అదే పని చేయవచ్చు కాబట్టి, ఈ పాటే ఎందుకు తీసుకున్నావని అడిగితే అది గట్టి కారణం చూపించాలి.

మన జరుక్ శాస్త్రి గారి పేరడీలు తలుచుకుంటే ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన గురి సాటి కవి ధోరణి మీదే, అసలు పద్యం ఎదురుగా లేకపోతే ఆ చమత్కారం నిలవదు. అదే మన ఊళ్ళలో ఎన్నికలప్పుడు ఆటోకు మైకు కట్టి, హిట్ సినిమా పాట వరసలో ఎదుటి పార్టీ నాయకుణ్ణి కడిగేసే పాట ఉందే, దాన్ని మనం పేరడీ అనే అంటాం. ఆ అమెరికా కోర్టు కొలతతో చూస్తే అది అధిక్షేపం.

ఈ గీత మీద కాలు జారినవాళ్ళున్నారు. 2008లో పెట్రోలు ధర మండుతుంటే, టైర్లలో గాలి సరిగా ఉంచుకుంటే ఇంధనం ఆదా అవుతుందని ఒబామా అన్నారు. ఒహాయో రిపబ్లికన్ పార్టీ దాన్ని వెక్కిరిస్తూ ఒక వీడియో ప్రకటన చేసి, దాని వెనక జాక్సన్ బ్రౌన్ 1977 పాట 'రన్నింగ్ ఆన్ ఎంప్టీ' పెట్టింది. ఖాళీ ట్యాంకుతో పరుగు అనే పేరు పెట్రోలుకు భలేగా అతికింది. కానీ పాట గురి పెట్రోలు కాదు, తిరిగి తిరిగి లోపల ఖాళీ అయిపోయిన మనిషి మీద. బ్రౌన్ కేసు వేశారు. 2009లో క్షమాపణతో రాజీ కుదిరింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో సెనేట్ టికెట్ కోసం పోటీపడిన చార్ల్స్ డివోర్, డాన్ హెన్లీ పాటలు రెంటికి మాటలు మార్చి ఒబామా అభిమానులను, సెనేటర్ బార్బరా బాక్సర్‌ను వెక్కిరించిన వీడియోల విషయంలో కోర్టులో ఓడిపోయారు. హెన్లీని కూడా ఎగతాళి చేస్తున్నాం అని వాదించి చూశారు, కోర్టు నమ్మలేదు.

రెండు వైపులా న్యాయం ఉంది

ఈ గీత మరీ సన్నగా ఉందనేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ వాదన ఇది. రాజకీయ వ్యాఖ్య ప్రజాస్వామ్యానికి ఊపిరి. వాషింగ్టన్‌లో క్యాపిటల్ స్టెప్స్ అనే బృందాన్ని చూడండి. 1981లో సెనేట్ ఉద్యోగులే సరదాగా మొదలుపెట్టి, పాత బాణీల్లో రెండు పార్టీలనూ వాయించి, కరోనా దెబ్బకు 2021 జనవరిలో మూతపడేదాకా నాలుగు దశాబ్దాలు ఊరిని నవ్వించారు. పాటను కాకుండా నాయకుణ్ణి ఎగతాళి చేస్తే రక్షణ తగ్గుతుందనడం తలకిందుల న్యాయం కాదా? నాయకుణ్ణి ఎగతాళి చేయడమే కదా ఎక్కువ అవసరం.

అవతలి వాదన కూడా బరువైనదే. పాట రాసినవాడు తన పేరును, తన జీవితాన్ని అందులో పెట్టాడు. సభలో అది మోగితే ఆయన ఆ నాయకుడికి మద్దతిస్తున్నాడని జనం అనుకుంటారు. అలా తప్పుడు మద్దతు అంటగట్టడం అమెరికాలో మరో చట్టం కింద కేసు అవుతుంది కూడా. 2020లో జాన్ ఫోగర్టీ తన 1969 పాట 'ఫార్చునేట్ సన్'ను ట్రంప్ సభల్లో విని నోటీసు పంపించారు. వియత్నాం యుద్ధానికి పేదల పిల్లలు వెళ్తుంటే డబ్బున్నవాళ్ళ కొడుకులు తప్పించుకున్నారన్న కడుపుమంటతో రాసిన పాట అది.

నేను రెండో వాదన వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతాను, పాటను ఉన్నది ఉన్నట్టు వాడేటప్పుడు. మాటలు మార్చినప్పుడు మొదటి వాదన వైపు. మాట మారిందంటే మాట్లాడుతున్నది వేరే మనిషని వినేవాడికి తెలిసిపోతుంది కాబట్టి.

వదిలేసిన చరణాలు

1940 ఫిబ్రవరిలో వుడీ గథ్రీ న్యూయార్క్‌లో ఒక పాట రాశారు. రేడియోలో ఎక్కడ తిప్పినా 'గాడ్ బ్లెస్ అమెరికా' వినిపిస్తుంటే విసుగుపుట్టి రాసిన జవాబు అది. 'దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్', ఈ నేల నీదీ నాదీ అని పల్లవి. బడి పిల్లలు పాడే పాటైపోయింది, ఏ పార్టీ వాడైనా వాడేశాడు. అందులో రెండు చరణాలను మాత్రం చాలాకాలం పాడేవాళ్ళు కాదు. ఒకదాంట్లో దారికి అడ్డంగా 'ప్రైవేటు ఆస్తి' అనే బోర్డు, దాని వెనక వైపు ఏమీ రాసి ఉండదు. ఇంకోదాంట్లో ఆకలితో సహాయ కేంద్రం దగ్గర వరసకట్టిన జనం.

2009 జనవరి 18న, ఒబామా ప్రమాణ స్వీకారానికి రెండు రోజుల ముందు, వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం మెట్ల మీద 89 ఏళ్ళ పీట్ సీగర్ నిలబడ్డారు. పక్కన స్ప్రింగ్‌స్టీన్. సీగర్ ఒక్కో పంక్తినీ ముందుగా అందిస్తుంటే మైదానమంతా పాడింది. బోర్డు చరణం వచ్చింది, దాన్నీ అందించారు. ఆకలి వరస చరణం వచ్చింది, దాన్నీ అందించారు. జనం ఒక్క మాట వదలకుండా పాడారు. రెండు రోజుల్లో అధ్యక్షుడు కాబోతున్న మనిషి ఎదురుగా కూర్చుని వింటున్నారు.